మా వీథిలోని రేలచెట్లు

2025వ సంవత్సరపు వేసవిలో మా పాఠశాల వీథిని పోవు బాటసారులు పలువురు ఒక్కచోట నిలిచి, తల యెత్తి చూచుట మేము కంటిమి. ఆకులు చాలవఱకు రాలిపోయిన నాలుగు చిన్నచెట్లు, కొమ్మకొమ్మకును మూరెడేసి పొడవున పసుపుపచ్చని పూగుత్తులను వ్రేలాడదీసికొని, మండుటెండలో నిలిచియుండెను. "ఇది యే దేశపు చెట్టు?" అని కొందఱడిగిరి. ఒక పెద్దమనుష్యుడు దీనిని నర్సరీలో ఎంత వెలకు కొంటిరని యడిగెను. అది పరదేశపు చెట్టు కాదనియు, వెల యిచ్చి కొన్నది కాదనియు, మన తూర్పుకనుమల యడవులలో దానంతట నది పెరుగు రేలచెట్టనియు చెప్పగా ఆయన వెంటనే నమ్మలేకపోయెను. ఆ చెట్లు ఎట్లు వచ్చినవో, వానిలో ఎన్ని పోయినవో, మేమేమి నేర్చుకొంటిమో మా పాఠశాల సంచికలో వ్రాయుట మా విధి యని తోచినది. ఇందు మా గొప్పకంటె మా తప్పే హెచ్చుగా కనబడును. చదువరులు మన్నింతురు గాక.

మా పాఠశాల ముందరి వీథి యొకప్పుడు చల్లని నీడ గలది. ఇరుప్రక్కలను పెద్ద తురాయిచెట్లుండెడివి. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. అప్పటికి మేము రెండవ తరగతి చదువుచుంటిమి. ఆ రాత్రి గాలి చప్పుడు మాకిప్పటికిని గుర్తున్నది. మఱునాడు బయటికి వచ్చి చూడగా మా వీథిలో నిలిచిన చెట్టొక్కటియు లేదు. తురాయి మడగాస్కరు దీవినుండి మన దేశమునకు వచ్చినది. ఎఱ్ఱని పూలతో మిక్కిలి సొగసైనది. త్వరగా పెరిగి గొడుగువలె విస్తరించును. అయితే దాని వేళ్ళు పైపైననే పాఱును, కొమ్మలు పెళుసు. అవి కూలునప్పుడు గోడలను, కరెంటు తీగలను కూడ తమతో పడద్రోసెను. తరువాత నాలుగేండ్లవఱకు ఆ వీథి బోడిగా నుండెను.

2018లో మేము ఆఱవ తరగతిలో చేరినప్పుడు మా విజ్ఞానశాస్త్రపు మాస్టారు, "ఈ వీథిలో ఏ చెట్టు నాటవలెను?" అని మమ్ము ప్రశ్నించిరి. ఒకడు మఱ్ఱి యనెను. ఒకతె మామిడి యనెను. పలువురము మఱల తురాయియే యంటిమి. ఆయన మా చేతికి టేపు నిచ్చి వీథిని కొలిచి రమ్మనిరి. వెడల్పు 20 అడుగులు; ఒక ప్రక్క కరెంటు తీగలు, రెండవ ప్రక్క మురుగుకాలువ. "ఒళ్ళు చూచి చొక్కా కుట్టింతురు గదా! చోటు చూచి చెట్టు నాటవలదా?" అని యాయన నవ్విరి. పిమ్మట మమ్ము దేవాలయమునకు వెనుకనున్న సమాధులతోటకు తీసికొనిపోయి అచ్చటి పాత రేలచెట్టును చూపిరి. తుపానులో దాని కొమ్మలు కొన్ని విఱిగినను చెట్టు పడలేదు. విఱిగినచోటనే మఱల చిగిర్చినది. ఎన్నిమాఱులో ఆ దారిని పోయినను మేమంతవఱకు దాని పేరెఱుగము.

రేల చిన్నచెట్టు. సాధారణముగా 30, 40 అడుగులకు మించి పెరుగదు. ఎండ కావలెను, నీరు నిలుచు నేల పనికిరాదు, వేళ్ళు లోతుగా దిగిన తరువాత వానలు తక్కువైనను తాళుకొనును. సంస్కృతమున దీనిని ఆరగ్వధమనియు, రాజవృక్షమనియు నందురు. 1753వ సంవత్సరమున స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లినేయసు దీనికి కాసియా ఫిస్టులా యని పేరిడెను. ఫిస్టులా యనగా లాటిను భాషలో గొట్టము. ఒకటి రెండడుగుల పొడవున కఱ్ఱవలె గుండ్రముగా వ్రేలాడి, పండినపుడు నల్లనగు దాని కాయను చూచినవారికి ఆ పేరు వింతగా తోచదు. కేరళమున విషు పండుగనాటి వేకువను కన్ను తెఱవగానే చూడవలసిన మంగళద్రవ్యములలో ఈ పువ్వొకటి. అది యా రాష్ట్రపుష్పము కూడ. థాయిలాండువారు 2001లో దీనిని తమ జాతీయపుష్పముగా ప్రకటించిరి. తెలంగాణ రాష్ట్రపుష్పమైన తంగేడు దీనికి దగ్గఱి చుట్టము. ఇన్నిచోట్ల మన్నన గన్న చెట్టును మా వీథిలో గుర్తుపట్టువారు లేకపోయిరి.

2019 ఫిబ్రవరిలో సమాధులతోటలో రాలిన కాయలను ఏఱి తెచ్చి పగులగొట్టితిమి. లోపల అట్టముక్కలవంటి అడ్డుపొరలు వరుసగా నుండి, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క విత్తనము నల్లని జిగట గుజ్జులో నొదిగియుండెను. ఆ గుజ్జు తియ్యనిదే గాని విరేచనకారి. వైద్యులు దానిని మందుగా వాడుదురు గనుక పిల్లలు నోట పెట్టరాదని మాస్టారు హెచ్చరించిరి. మాలో ఒకడు ఆ మాట వినక మఱునాడు బడికి రాలేదు. విత్తనములను కడిగి, మన్నును ఎరువును కలిపి నింపిన సంచులలో 60 నాటితిమి. నెల గడచినను నాలుగే మొలచెను. మిగిలినవి పుచ్చువని తలచి పాఱవేయబోవుచుండగా మా పాఠశాల కాపలాదారు చూచెను. తోటపని కూడ ఆయనదే. మేమందఱము ఆయనను తాత యని పిలిచెడివారము.

"పారేయకండి బాబూ! దీనిది రాతిగుండె. గీరు పెట్టందే నీళ్ళు తాగదు," అని తాత ఒక విత్తనమును మెట్టుమీది గరుకురాతిపై, మొలక వచ్చు కొనను విడిచి, ఒక ప్రక్కన రుద్దెను. పైపొర అరిగి లోపలి తెలుపు కొంచెము కనబడగానే ఆపెను. అట్లు రుద్దినవానిని రాత్రియంతయు నీట నానబెట్టితిమి. తెల్లవాఱునప్పటికి అవి యుబ్బియుండెను. వానిని మఱల నాటగా పదునైదు దినములలో చాలవఱకు మొలచినవి. అడవిలో కోతులును, నక్కలును, ఎలుగుబంట్లును గుజ్జుకొఱకు ఆ కాయలను తిని విత్తనములను దూరదూరముగా వెదజల్లునని మాస్టారు పిమ్మట వివరించిరి. పుస్తకము తెలిసిన మాస్టారును, రాయి తెలిసిన తాతయు లేకున్న మాకొక్క మొక్కయు లభించియుండదు.

ఆ జూలైలో వానలు పడగానే 12 మొక్కలు నాటితిమి. ఆఱు ఆటస్థలము ప్రక్కను, ఆఱు వీథిలోను. గుంట మూరెడు లోతు, మూరెడు వెడల్పు. త్రవ్విన మంటికి పశువుల యెరువు కలిపి మఱల నింపితిమి. ఒక్కొక్క మొక్కకు ఊతకఱ్ఱ పాతి, వీథిలోనివానికి వెదురుతడికెలు చుట్టితిమి. ఒకటి మాత్రము తీగలక్రింద నాటుచుండగా తాత వారించెను. "తీగల కింద నాటితే ఏటేటా దాని తల కొట్టేస్తారు బాబూ," అని చెప్పినను, వరుస వంకరయగునని మేము వినలేదు. నాడు పెద్దలందఱు విచ్చేసిరి. పాటలు పాడితిమి. నాటిన విద్యార్థుల పేర్లు వ్రాసిన పలక యొకటి గోడకు తగిలింపబడెను. అందు తాత పేరు లేదు. లేదన్న సంగతియైనను మాకు స్ఫురింపలేదు.

ఇక మా తప్పు. ఆటస్థలము వెనుక ముండ్లకంచె కలదు. బంతి యావలబడినప్పుడెల్ల చుట్టు తిరిగి పోవుట కష్టమని మేము కంచెలో ఒక కంత చేసికొంటిమి. సెప్టెంబరులో ఒకనాటి యుదయమున వచ్చి చూడగా పశువులు లోపల జొరబడి మూడు మొక్కలను త్రొక్కివేసియుండెను. రేలయాకును అవి యంతగా మేయవు గాని, గిట్టక్రింద బడిన లేతమొక్క బ్రదుకునా? మేము ప్రధానోపాధ్యాయులవారికడకు పోయి, తాత రాత్రి గేటు వేయలేదని చెప్పితిమి. గేటు వేసియున్నదో లేదో మేము చూడనేలేదు. కంతసంగతి మా కందఱకు తెలియును. ఒక్కరును నోరు మెదపలేదు. తాతను మా యెదుటనే మందలించిరి. ఆయన తుండుగుడ్డ చేతబట్టుకొని తలవంచి నిలుచుండెను. ఒక్క మాటయు బదులాడలేదు. ఆ సాయంకాలము బంతికొఱకు పోయినప్పుడు ఆ కంత తుమ్మకంపతో గట్టిగా కట్టివేయబడియుండెను.

అటుపిమ్మట పలుమాఱులు నిజము చెప్పవలెనని యనుకొంటిమి. రేపు, మాపు అనుచుండగనే 2020 మార్చి వచ్చెను. కరోనా వ్యాధివలన దేశమంతట బడులు మూతబడినవి. నాటిన మొక్కకు మొదటి వేసవి ప్రాణగండము. వేళ్ళింకను లోతునకు దిగియుండవు. మేము ఇండ్లలో కూరుచుండి ఫోనులో పాఠములు వింటిమి. తొమ్మిది మొక్కలు ఎండలో నున్నవని మొదటి వారము తలచితిమి, తరువాత మఱచితిమి. ఆ యేటి చివరి నెలలలో బడి తెఱవగా, కట్టెలు మాత్రమే మిగిలియుండునని యనుకొనుచు వచ్చితిమి. తొమ్మిదియు బ్రదికియుండెను! కొన్ని మా భుజములయెత్తు పెరిగియుండెను. పాదులు గుండ్రముగా తీర్చి, ఎండుటాకులు కప్పి యుండెను. తాత నూతినుండి రెండేసి బిందెలు మోసి, ప్రొద్దుపొడువకమునుపే పోసెడివాడట. ఎందుకింత శ్రమపడితివని మేమడుగగా, "పిల్లలెలాగూ లేరు. మొక్కలూ లేకపోతే బడిలో ఇంకేముంటుంది బాబూ?" అనెను. ఆనాడైనను మేము కంతమాట చెప్పవలసినది. చెప్పలేదు.

మేము తొమ్మిదవ తరగతిలో నుండగా 2021 వానకాలమున మఱియొక పరీక్ష వచ్చెను. లేత చిగుళ్ళపై ఆకుపచ్చని పురుగులు కుప్పలుగా కనబడి, రెండు చెట్లను ఈనెలు మిగులునట్లు తినివేసెను. మందు కొట్టుదమని మేము తొందరపడితిమి. మాస్టారు వలదని, ఒక పురుగును ఆకులతో గాజుసీసాలో నుంచి మూతికి గుడ్డ కట్టిరి. అది గూడు కట్టుకొని, కొలది దినములకు లేతపసుపు ఱెక్కల సీతాకోకచిలుకయై బయటికి వచ్చెను. రేలవంటి చెట్ల యాకులే వాని పిల్లలకు తిండి. ఒక నెలలో చెట్లు మఱల చిగిర్చినవి. ఈ నేలమీద బహుకాలముగా నున్న చెట్టునకు ఈ నేలమీది యతిథులుందురు. వారు వచ్చి తినిపోయినంతమాత్రమున ఇల్లు గుల్లకాదు. మందు కొట్టియున్నచో మాకు ఆకులు దక్కెడివేమో గాని, ఆ వానకాలమున మా తరగతిగదిలో ఎగిరిన ఱెక్కలు దక్కెడివి కావు.

తొమ్మిదింటిలో నేడు ఏడే కలవు. మురుగుకాలువను వెడల్పు చేయునప్పుడు వీథిలోని రెండు పోయెను. తీగలక్రింద నాటినది బ్రదికియే యున్నది గాని, తాత చెప్పినట్లే యేటేటను దాని తల నఱుకబడుచున్నది. కొట్టినప్పుడెల్ల అది ప్రక్కలకు చిగిర్చును. ఇంతవఱకు ఒక్క పువ్వైనను పూయలేదు. వరుస తిన్నగా నుండవలెనన్న మా పంతమునకు అదియే సాక్షి.

మేము 2023లో పదవ తరగతి ముగించి బడి విడిచితిమి. అంతకు ముందటి యేడే తాత పని విరమించి కూతురి యూరికి పోయెను. రెండేండ్లకు, 2025 ఏప్రిలు చివర, మా నలుగురిలో నొకరు ఆ వీథిని పోవుచు చెట్లు పూచిన వార్త పంపగా అందఱము పరుగెత్తి వచ్చితిమి. పువ్వునకు ఐదు ఱేకులు. నడుమ మూడు పొడవైన కేసరములు వంకరతిరిగి పైకి లేచియుండును, ఏడు పొట్టివి. ఉదయమున నల్లతుమ్మెదలు వచ్చి పువ్వును పట్టుకొని ఝుమ్మని వణకించి పుప్పొడి రాల్చుకొనుచుండెను. క్రింద నేలయంతయు పసుపు చల్లినట్లుండెను.

ఈ చెట్టునకు లోపములు లేవని మేము చెప్పము. సరిగా ఎండలు ముదురువేళ కొన్ని వారములు ఆకు రాల్చి నీడ తగ్గించును. నీడయే ముఖ్యమైనచోట వేపయో కానుగయో మేలు. రాలిన పూలును, కాయలును ఊడ్చువారికి పని పెంచును. విత్తు నాటిన నాటినుండి పువ్వు చూచువఱకు మా చెట్లకు ఆఱేండ్లు పట్టెను. ఓర్పు లేనివారు దీని జోలికి పోరాదు. అయినను ఇఱుకు వీథికి, చిన్న పెరటికి, పాఠశాల గోడప్రక్కకు ఇంతకంటె ఒద్దికైన చెట్టును మేమింకను చూడలేదు.

ఆ మే నెలలో మేము నలుగురము ఒక పూగుత్తిని తడిగుడ్డలో చుట్టుకొని తాత యున్న యూరికి పోయితిమి. ఆయన అరుగుమీద కూరుచుండి వల అల్లుచుండెను. కంటిచూపు కొంచెము మందగించినది. పూగుత్తిని చేతికిచ్చినప్పుడు ఱేకులను వ్రేళ్ళతో తడవి చూచి, "ఎన్ని పూసినాయి?" అని మాత్రమే యడిగెను. నాలుగని చెప్పితిమి. అటుపిమ్మట, బస్సులో దారిపొడుగున కూర్చుకొన్న మాటలన్నియు మఱచి, కంచెలోని కంత మేమే చేసితిమని, గేటు నేరము నీమీద మోపితిమని, మాలో పెద్దవాడు ఒక్క గ్రుక్కలో చెప్పివేసెను.

తాత నవ్వెను. "ఆ కంత దగ్గరే గదా మీ బంతి నాకు దొరికింది. మర్నాడు మీ గది కిటికీలో పెట్టాను, చూడలేదా?" అనెను. అవును, ఆ బంతి కిటికీలో దొరకినది. ఎవరు పెట్టిరని మేమెన్నడును ఆలోచింపలేదు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు తాతా?" యని యడుగగా, "మీరు చెబుతారని చూశాను," అని మఱల వలమీదికి వంగెను. కొంతసేపు మా కెవరికిని నోట మాట రాలేదు. క్షమించితినని ఆయన అనలేదు, కోపమున్నదనియు అనలేదు. పోవునప్పుడు మాత్రము, "ఆ తీగల కింద దాన్ని తీసేయకండి. మొండిదైనా నీడిస్తుంది," అనెను.

నాటువానిని గూర్చియు, నీరు పోయువానిని గూర్చియు అపొస్తలుడు కొరింథీ సంఘమునకు వ్రాసిన భాగము మా ప్రార్థనాసమావేశములలో ఎన్నిమాఱులో చదువబడినది. మేము దానిని కంఠపాఠము చేసి బహుమానములు కూడ పొందితిమి. అయినను పలకమీద నాటినవారి పేర్లు మాత్రమే యుండుట మా కంటబడుటకు ఆఱేండ్లు పట్టెను. ఆ పలకలో తాత పేరు మొదట చేర్చవలెనని ప్రధానోపాధ్యాయులవారిని కోరితిమి. వారు దయతో నంగీకరించిరి. గేటు సంగతియు వారికి నిజము విన్నవించితిమి. ఆనాడు మందలింపు విన్నవారందఱకు నిజము కూడ తెలియవలెనని యిచ్చట వ్రాయుచున్నాము.

ఇప్పుడు ఆఱవ తరగతిలోనున్న తమ్ములకును, చెల్లెండ్రకును ఒక మనవి. ఆటస్థలము ప్రక్కను మూడు చోట్లు ఇంకను ఖాళీగా నున్నవి. ఈ చెట్ల కాయలే ఎండబెట్టి విజ్ఞానశాస్త్రపు గదిలో డబ్బాలో నుంచితిమి. గరుకురాయి తాత చూపిన మెట్టుమీదనే యున్నది. విత్తనమును గీరి, నానబెట్టి, నాటుడు. మొక్కను తీగలకు దూరముగా, గోడకు ఆఱడుగులైన ఎడముగా నుంచుడు. పురుగు పట్టినప్పుడు తొందరపడకుడు. తప్పు జరిగినప్పుడు ఆనాడే చెప్పుడు. అన్నిటికంటె ముందు, మొదటి వేసవి సెలవులలో నీరెవరు పోయుదురో నిర్ణయించుకొని, ఆ పిమ్మటనే గుంట త్రవ్వుడు.